సాంఘిక శాస్త్ర బోధనలో ఆటలు: ఒక చారిత్రక పరిశీలన

బోధన పద్ధతుల పుస్తకాల్లో 'క్రీడా పద్ధతి' అనే శీర్షిక కింద సాధారణంగా రెండు మూడు పేరాలే కనిపిస్తాయి. ఫ్రోబెల్ పేరు, కాల్డ్‌వెల్ కుక్ 1917లో ప్రచురించిన 'ది ప్లే వే' పేరు, ఆ తర్వాత ప్రయోజనాలు, పరిమితులు. పరీక్షకు అది సరిపోవచ్చు. కానీ రేపు తరగతిలోకి ఒక ఆట అట్టను చంకలో పెట్టుకుని వెళ్లబోయే ఛాత్రోపాధ్యాయుడికి అది చాలదు. 'ఆట ఆడిస్తే ఆసక్తి కలుగుతుంది' అన్న మాట నిజమే. అయితే ఆసక్తితో పాటు ఇంకేం కలుగుతుంది అన్నది కూడా మనం అడగవలసిన ప్రశ్నే.

అందుకే ఈ యూనిట్‌లో కొంచెం వేరే దారిలో వెళ్దాం. సమాజం గురించి నేర్పడానికే పుట్టిన కొన్ని ఆటలు ఎక్కడ, ఎందుకు తయారయ్యాయి, చేతులు మారుతూ ఏమయ్యాయి అని చూద్దాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను దగ్గర పెట్టుకోండి. ఆడుతున్న పిల్లవాడు నేర్చుకునేది అట్ట మీద రాసిన మాటలనా, ఆట నియమాలనా? నా అభిప్రాయం ముందే చెబుతున్నాను, నియమాలనే. ఎవరు గెలుస్తారు, దేనికి పాయింట్లు వస్తాయి, ఎవరి వంతు ముందు వస్తుంది, ఎవరికి అసలు వంతే రాదు అన్న విషయాలు నోటితో చెప్పిన పాఠం కంటే లోతుగా నాటుకుంటాయి. మీరు ఒప్పుకోనవసరం లేదు. కింది ఉదాహరణలు చూసి నిర్ణయించుకోండి.

పాత ఆటలు: వైకుంఠపాళీ, ముక్కల పటం

మన ఇళ్లలో వైకుంఠపాళీ అనీ, పరమపద సోపాన పటం అనీ పిలిచే ఆటను అందరూ చూసే ఉంటారు. పాత పటాల్లో ప్రతి గడికీ పేరుండేది. నిచ్చెన మొదట్లో ఒక సద్గుణం, పాము నోటి దగ్గర ఒక దుర్గుణమో ఒక అసురుడి పేరో ఉండేది. ఆడేవాడికి తెలియకుండానే ఒక ధర్మశాస్త్రం కళ్ల ముందు పరుచుకునేది. ఈ ఆట 19వ శతాబ్దం చివరికి ఇంగ్లండు చేరింది. అక్కడ మొదట్లో క్రైస్తవ నీతి బొమ్మలతో అచ్చయింది, క్రమంగా ఆ నీతి కూడా రాలిపోయి అంకెలు, పాములు, నిచ్చెనలు మాత్రమే మిగిలాయి. ఇప్పుడు మన పిల్లలు ఆడుతున్నది ఎక్కువగా ఆ తిరిగొచ్చిన రూపమే.

ఇక్కడ ఒక చిక్కుంది. పేర్లు ఉన్నప్పుడు కూడా ఆట నడిచేది గవ్వల మీదే. మంచివాడు కావాలని నిర్ణయించుకుని నిచ్చెనెక్కే అవకాశం ఎవరికీ లేదు. గడుల్లో రాసింది కర్మ ఫలం, నియమం నేర్పింది మాత్రం అదృష్టం. పెద్దలు ఆ తేడాను కథలు చెప్పి పూడ్చేవారు. ఆ కథ చెప్పే పెద్దమనిషి లేకపోతే పటం ఒక్కటే ఆ పని చేయలేదు. తరగతిలో ఆ పెద్దమనిషి మీరే.

భూగోళం విషయానికొస్తే, 1759లో లండన్‌లో జాన్ జెఫ్రీస్ ఐరోపా పటం మీద ప్రయాణపు ఆట ఒకటి అచ్చువేశాడు. పాచికలంటే జూదమన్న భయం అక్కడా ఉండేది కాబట్టి, అంకెలున్న చిన్న బొంగరాన్ని తిప్పి ఆడేవారు. (పాచికలు చూసి తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే మీరు కూడా చింతపిక్కలో చీటీలో వాడవచ్చు, కొత్తేమీ కాదు.) 1760లలో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల చెక్కుడు పనివాడు పటాన్ని పలచని చెక్కకు అతికించి, రాజ్యాల సరిహద్దుల వెంట కోసి అమ్మాడు. ఇప్పటి జిగ్‌సా పజిళ్లకు అదే మొదలు. మూడో జార్జి రాజు పిల్లల ఆలనా పాలనా చూసిన లేడీ షార్లెట్ ఫించ్ వారికి భూగోళం చెప్పడానికి అలాంటి ముక్కల పటాలే వాడింది.

మన పాఠశాలల్లో అట్టతో చేసిన జిల్లాల పటం దాని వారసురాలే. కానీ ముక్కల పటానికి ఒక నియమం ఉంది. ప్రతి ముక్కకూ ఒకే చోటు, సరిహద్దు మారదు. నిజంలో మారుతుంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. బీరువాలో పాత అట్ట పటం ఉంటే పారేయకండి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి రెండు జట్లతో ఆడించండి. 'మా ఊరు ఏ ముక్కలో నుంచి ఏ ముక్కలోకి పోయింది? ఇప్పుడు కలెక్టరేటుకు పోవాలంటే ఎంత దూరం?' అన్న ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. పాతబడిన బోధనోపకరణం అప్పుడు చరిత్ర ఆధారంగా మారుతుంది.

భూస్వామి ఆట

ఈ యూనిట్‌లో మీరు ఒక్క ఉదాహరణే గుర్తుంచుకోగలిగితే, ఇది గుర్తుంచుకోండి.

అమెరికాలో ఎలిజబెత్ మాగీ అనే మహిళ స్టెనోగ్రాఫరుగా పనిచేసేది. హెన్రీ జార్జ్ 1879లో రాసిన 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' గ్రంథం ఆమెను బాగా కదిలించింది. జార్జ్ వాదన స్థూలంగా ఇది. భూమిని ఎవరూ తయారుచేయలేదు. ఒక చోట జనం పెరిగి, దారులు పడి, అంగళ్లు వెలిస్తే అక్కడి నేల విలువ పెరుగుతుంది. ఆ పెరుగుదల నేల యజమాని కష్టం వల్ల వచ్చింది కాదు, సమాజం వల్ల వచ్చింది. కాబట్టి ఆ విలువ మీద పన్ను వేసి సమాజానికే ఇవ్వాలి, శ్రమ మీద పన్నులు ఎత్తేయాలి. ఉపన్యాసాలతో ఇది ఎక్కదని మాగీకి అనిపించి ఉండాలి. ఆమె దీన్ని ఆటగా మలిచింది. 1904 జనవరిలో 'ద ల్యాండ్‌లార్డ్స్ గేమ్' పేరుతో పేటెంటు పొందింది.

చతురస్రాకారపు అట్ట, అంచు చుట్టూ గడులు. స్థలాలు కొనవచ్చు, ఇతరులు అక్కడ ఆగితే అద్దె వసూలు చేయవచ్చు. చుట్టూ ఒకసారి తిరిగి 'భూమాత' అన్న మూలను దాటితే కూలి దొరుకుతుంది, ఎందుకంటే భూమి మీద చేసిన శ్రమే సంపాదన. ఒక మూల ఒక విదేశీ ప్రభువు ఎస్టేటు. అందులో అడుగుపెట్టినవాడు నేరుగా జైలుకు. ఆటను రెండు విధాలుగా ఆడేందుకు మాగీ నియమాలు కూర్చింది. ఒక విధంలో అద్దెలన్నీ స్థలం యజమానికి పోతాయి. కొంతసేపటికి ఒకడు అంతా ఊడ్చుకుంటాడు, మిగతావాళ్లు దివాలా తీస్తారు. రెండో విధంలో నేల అద్దె ఉమ్మడి ఖజానాకు చేరుతుంది, దాంతో అందరి పరిస్థితీ మెరుగవుతుంది. అట్ట ఒకటే, ఆడేవాళ్లూ వాళ్లే. నియమం మారితే సమాజం మారుతుందని పిల్లవాడు తన చేతి డబ్బుతోనే తెలుసుకోవాలన్నది ఆమె ఆశ.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించిన స్కాట్ నియరింగ్ ఈ ఆటను విద్యార్థుల చేత ఆడించాడు. అంటే సాంఘిక శాస్త్ర తరగతిలో ఆధునిక అనుకరణ క్రీడకు ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి. విద్యార్థులు, స్నేహితులు గుడ్డ మీదా అట్ట మీదా సొంతంగా గీసుకుని, తమ ఊరి వీధుల పేర్లు పెట్టుకుని ఆడుకున్నారు. చేతి నుంచి చేతికి మారుతుండగా రెండో విధం నియమాలు జారిపోయాయి. ఎవరూ కుట్ర చేయనవసరం లేదు, ఊడ్చుకునే ఆటలో ఉన్న ఉత్సాహం పంచుకునే ఆటలో జనానికి దొరకలేదు, అంతే. చివరికి అట్లాంటిక్ సిటీ వీధుల పేర్లున్న ఒక రూపం చార్లెస్ డారో చేతికి వచ్చింది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ అతని దగ్గర కొని 'మొనాపలీ' పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. మాగీ పేటెంటును అదే కంపెనీ 500 డాలర్లకు కొనుక్కుంది, అమ్మకాల్లో వాటా లేకుండా. దశాబ్దాల పాటు ఆట సృష్టికర్తగా డారో పేరే వినిపించింది. 1970లలో రాల్ఫ్ ఆన్‌స్పాక్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడు 'యాంటీ మొనాపలీ' అనే ఆట తయారుచేసి, కంపెనీతో కోర్టులో పోరాడుతూ పాత కాగితాలు తవ్వినప్పుడు కానీ మాగీ పేరు బయటికి రాలేదు.

మన ఇళ్లలో వేసవి సెలవుల్లో మంచం మీద పరుచుకుని ఆడే 'బిజినెస్' ఆట దీని సంతతే. అద్దె దోపిడీని విమర్శించడానికి పుట్టిన ఆట, అద్దె వసూలు చేయడంలో ఉన్న ఆనందాన్ని నేర్పే ఆటగా మన దగ్గరికి వచ్చింది. 'పిల్లలకు అర్థశాస్త్రం వస్తుంది' అంటూ దాన్నే తరగతిలో ఆడించే ఉపాధ్యాయులున్నారు. వస్తుంది, నిజమే. ఏ అర్థశాస్త్రం అన్నదే ప్రశ్న. దాన్ని నిషేధించమని నేననను. మాగీ చేసినట్టే రెండుసార్లు ఆడించమంటాను. రెండోసారి అద్దెలో సగం మధ్యలో పెట్టిన గిన్నెలో వేయాలి, ప్రతి చుట్టు చివరా గిన్నెలోది సమానంగా పంచాలి అని ఒక్క నియమం చేర్చండి. ఎవరు వద్దన్నారో, ఎవరు సరేనన్నారో, అప్పటికి వాళ్ల చేతిలో ఎంత డబ్బుందో ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. తర్వాతి పీరియడ్‌లో పన్నుల పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఆరెగాన్ బాట

1971లో మినియాపొలిస్‌లో డాన్ రావిచ్ అనే ఛాత్రోపాధ్యాయుడు (మీలాంటివాడే, బోధనాభ్యాసంలో ఉన్నవాడు) ఎనిమిదో తరగతికి అమెరికా చరిత్ర చెబుతున్నాడు. 1840లలో జనం బండ్లు కట్టుకుని వేల మైళ్లు పడమటికి వలసపోయిన పాఠం. అతను పటం మీద కార్డులతో ఆడే ఆట ఒకటి గీసుకుంటుంటే, అదే గదిలో ఉంటున్న బిల్ హైన్‌మన్, పాల్ డిల్లెన్‌బర్గర్ అనే ఇద్దరు గణిత ఛాత్రోపాధ్యాయులు దీన్ని కంప్యూటరులో పెడదామన్నారు. రెండు వారాల్లో ప్రోగ్రాం రాశారు. తెర లేదు, టెలిటైప్ యంత్రం కాగితం మీద అచ్చు కొట్టేది. ఎద్దులకెంత, తిండికెంత, తూటాలకెంత ఖర్చు పెట్టాలో పిల్లలు నిర్ణయించాలి. వేటాడాలంటే 'బ్యాంగ్' అని త్వరగా టైపు చేయాలి. యంత్రం ఒకటే కాబట్టి పిల్లలు పనులు పంచుకున్నారు. టైపు చురుగ్గా చేసేవాడు వేటగాడయ్యాడు, లెక్కలు వచ్చినవాళ్లు డబ్బు చూసుకున్నారు.

నాకు ఇందులో నచ్చింది తర్వాత జరిగింది. 1974లో రావిచ్ మినెసోటా రాష్ట్ర విద్యా కంప్యూటరు సంస్థలో చేరి, దాచుకున్న అచ్చు కాగితాల నుంచి ప్రోగ్రాంను మళ్లీ ఎక్కించాడు. అంతటితో ఆగలేదు. ఆ ప్రయాణాలు చేసినవాళ్ల డైరీలు చదివి, వానలు, రోగాలు, బండి విరగడాలు ఎంత తరచుగా రాశారో చూసి, ఆటలో ఆ ఘటనలు వచ్చే అవకాశాన్ని దానికి తగ్గట్టు సరిదిద్దాడు. చరిత్ర ఆటకు ఆధారం అంటే ఇదే. బొమ్మలు అందంగా ఉండటం కాదు, ఆటలోని సంభావ్యత ఆధారాలతో సరిపోవడం.

అయినా ఒక లోపం మిగిలిపోయింది. ఆటలో గెలుపంటే ఆరెగాన్ చేరడం. ఆ దారి పొడవునా ఉన్న నేలలో అప్పటికే జీవిస్తున్న ఆదివాసీ జాతులు ఆటలో దారి చూపేవాళ్లుగానో, ప్రమాదంగానో తారసపడతారు తప్ప వాళ్లకు ఒక వంతు లేదు. డైరీలు రాసినవాళ్లు వలసవచ్చినవాళ్లు మరి. ఆధారాలకు నిజాయితీగా కట్టుబడినా, ఆ ఆధారాలు ఒకవైపువే అయితే ఆట కూడా ఒకవైపే చూస్తుంది. 2021లో వచ్చిన కొత్త రూపానికి ఆదివాసీ చరిత్రకారుల సలహా తీసుకున్నారు. ఆట పుట్టిన యాభై ఏళ్లకు.

ఇది అమెరికా సంగతి అనుకోకండి. నాగార్జునసాగర్ పాఠానికి 'ప్రాజెక్టు కట్టుదాం' అని ఒక ఆట తయారుచేశారనుకోండి. తడిసిన ప్రతి వెయ్యి ఎకరాలకు ఒక పాయింటు అన్నారనుకోండి. మునిగిపోయిన ఊళ్లకు ఆ ఆటలో లెక్క ఉండదు. నాగార్జునకొండ శిల్పాలను తవ్వి తీసి భద్రపరిచారని పాఠంలో ఒక వాక్యముంటుంది. లోయ ఖాళీ చేసిన మనుషులకు పాయింట్ల పట్టికలో చోటేదని ఒక పిల్లవాడు అడిగితే, ఆట సఫలమైనట్టే. ఎవరూ అడగకపోతే మీరు అడగాలి.

ఆట ముగిశాక

1969లో కాలిఫోర్నియాలో గ్యారీ షర్ట్స్ 'స్టార్‌పవర్' అనే అనుకరణ క్రీడను రూపొందించాడు. పిల్లలకు రంగు బిళ్లలు ఇస్తారు, మార్పిడి చేసుకోమంటారు, వచ్చిన విలువను బట్టి చతురస్రాలు, వృత్తాలు, త్రిభుజాలు అని మూడు జట్లు అవుతాయి. పైజట్టు తమ నేర్పుతో పైకి వచ్చామనుకుంటుంది. నిజానికి బిళ్లల పంపకంలోనే వాళ్లకు మంచివి పడేలా ఏర్పాటుంది. కాసేపటికి నిర్వాహకుడు పైజట్టుకు నియమాలు మార్చే అధికారం ఇస్తాడు. వాళ్లు సాధారణంగా తమకే లాభించే నియమాలు పెడతారు. కిందివాళ్లు తిరగబడతారు, లేదా ఆడటం మానేస్తారు. ఆట సగమే. మిగతా సగం తర్వాత జరిగే చర్చ. నీకు కోపం ఎప్పుడొచ్చింది, నువ్వు పైజట్టులో ఉంటే ఏం చేసేవాడివి, ఇలాంటిది బయట ఎక్కడ చూశావు, ఇవీ ప్రశ్నలు. చర్చకు సమయం లేకపోతే ఈ ఆట ఆడించకూడదని ఈ రంగంలో పనిచేసినవాళ్లంతా చెబుతారు.

ఎందుకో నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఒక పల్లెటూరి పాఠశాలలో ఒక ఛాత్రోపాధ్యాయుడి పాఠాన్ని పరిశీలించడానికి వెళ్లాను. అంటరానితనం పాఠం. అతను ఉత్సాహవంతుడు. చీటీల మీద ఊరి పాత్రలు రాసి టోపీలో వేసి తీయించాడు. కరణం, మునసబు, రైతు, చెరువు దగ్గరికి రానివ్వని కుటుంబం. ఒక అమ్మాయికి ఆ చివరి చీటీ వచ్చింది. వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు 'దానికి చీటీ ఎందుకు సార్' అన్నాడు. కొందరు నవ్వారు. ఛాత్రోపాధ్యాయుడికి అర్థం కాలేదు, అతనిది ఆ ఊరు కాదు. ఆట కొనసాగింది, గంట కొట్టారు, అందరూ లెక్కల పీరియడ్‌కు పుస్తకాలు తీశారు. ఆ రోజు పరిశీలన పత్రంలో నేను 'విద్యార్థుల భాగస్వామ్యం బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

మిగతా పిల్లలు చీటీలు టోపీలో వేసి పాత్రల్లోంచి బయటికి వచ్చారు. ఆ అమ్మాయి బయటికి రావడానికి దారి లేదు. అప్పటి నుంచి నా ఛాత్రోపాధ్యాయులకు ఒక మాట ఖచ్చితంగా చెబుతున్నాను. తరగతిలో ఎవరైనా నిజజీవితంలో మోస్తున్న బరువును ఆటలో పాత్రగా పంచవద్దు. కులాన్ని కులం పేరుతో ఆడించవద్దు. స్టార్‌పవర్‌లో త్రిభుజాలు, వృత్తాలు ఎందుకున్నాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అవి ఎవరి ఇంటిపేర్లూ కావు. అక్కడ పుట్టిన కోపాన్ని చర్చలో బయటి ప్రపంచానికి కలిపే పని పిల్లలే చేస్తారు, చెప్పదలచుకున్నవాళ్లు చెబుతారు, మౌనంగా ఉండదలచుకున్నవాళ్లకు ఆ హక్కుంటుంది.

ఇక మాక్ పార్లమెంటు. 1962లో బొంబాయిలో జరిగిన అఖిల భారత విప్‌ల సమావేశం సిఫారసు మీద, కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966-67లో ఢిల్లీ పాఠశాలల్లో యువ పార్లమెంటు పోటీలు మొదలుపెట్టింది. ఇప్పుడు మన పాఠశాలల్లోనూ ఇలాంటివి జరుగుతున్నాయి. మంచిదే. కానీ చాలాచోట్ల ప్రశ్నలూ జవాబులూ ఉపాధ్యాయుడే రాసిస్తాడు, పిల్లలు కంఠస్థం చేస్తారు, ప్రతిపక్ష నాయకుడు ఎప్పుడు వాకౌట్ చేయాలో కూడా ముందే రాసి ఉంటుంది. అది నాటకం. ఉచ్చారణకు, సభాపిరికి పోవడానికి ఉపయోగపడుతుంది. ఓటింగు ఫలితం ముందే తెలిసిన చోట అనుకరణ క్రీడ ఉండదు. బిల్లు ఓడిపోయే అవకాశం ఉంచి చూడండి.

ఒక నమూనా: శిస్తు ఆట

ఎనిమిదో తరగతి స్థాయిలో బ్రిటిష్ కాలపు భూమిశిస్తు పద్ధతులు పిల్లలకు కొరకరాని కొయ్యలు. శాశ్వత నిర్ణయం, రైతువారీ, వాటి లక్షణాలు, తేడాలు. పట్టిక గీసి చెబితే పరీక్షలో రాస్తారు, వారానికి మరిచిపోతారు. నేను వాడే ఆట ఇది. మీ అవసరానికి మార్చుకోండి.

నాలుగైదు వందల చింతపిక్కలు, కొన్ని పాచికలు చాలు. ఐదుగురికి ఒక ఊరు. నలుగురు రైతులు, ఒక జమీందారు. మీరు కలెక్టరు. ఏడాదికి ఊరు ఒకసారి పాచిక వేస్తుంది. 1 లేదా 2 పడితే కరువు, ఒక్కో రైతుకు 2 పిక్కలు. 3, 4, 5 పడితే మామూలు పంట, 6 పిక్కలు. 6 పడితే మంచి పంట, 10 పిక్కలు. తినడానికి ప్రతి రైతుకూ 2 పిక్కలు తప్పనిసరి. మొదటి విడతలో జమీందారు ఏటా 10 పిక్కలు కలెక్టరుకు కట్టాలి, పంట ఎలా ఉన్నా అంతే. రైతుల దగ్గర ఎంత తీసుకోవాలో అతని ఇష్టం. కట్టలేకపోతే ఎస్టేటు వేలం, పిక్కలున్న పక్క ఊరి జమీందారు పాడుకోవచ్చు. ఆరేళ్లు ఆడించండి.

లెక్క చూడండి. మామూలు ఏడాదిలో ఊరికి 24 పిక్కలు వస్తాయి, తిండికి 8, శిస్తుకు 10 పోగా 6 మిగులుతాయి. మంచి ఏడాదిలో 40లో 22 మిగులుతాయి. ఆ మిగులు ఎవరిదో నియమం చెప్పదు, పిల్లలు తేల్చుకోవాలి. ఎక్కువగా జమీందారు దగ్గరికే చేరుతుంది. కరువు ఏడాదిలో ఊరంతా కలిసి 8 పిక్కలే, తిండికే సరి. అప్పుడు జమీందారు వేషం వేసిన పిల్లవాడు రైతుల నోటి దగ్గరి పిక్కల వైపు చూస్తాడు. ఆ క్షణంలో ఆట ఆపి, 1802 నాటి రెగ్యులేషన్ గురించీ, ఉత్తర సర్కారుల్లో శిస్తు బాకీ పడి వేలానికి వచ్చిన ఎస్టేట్ల గురించీ, 1832-33 నాటి గుంటూరు కరువు గురించీ చెప్పండి. నందన నామ సంవత్సరపు కరువని జనం గుర్తుపెట్టుకున్నది అదే.

రెండో విడతలో జమీందారు లేడు. ప్రతి రైతూ నేరుగా కలెక్టరుకు 3 పిక్కలు కట్టాలి. దత్తమండలాల్లో కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరుగా దీన్ని నిలబెట్టిన థామస్ మన్రో పేరు ఇక్కడ పరిచయం చేయవచ్చు. పిల్లలు మొదట సంబరపడతారు, మధ్యవాడు పోయాడు కదా. మామూలు ఏడాదిలో తిండి, శిస్తు పోగా రైతుకు మిగిలేది ఒక్క పిక్క. కరువొస్తే తినడానికి 2 ఉంటాయి, కట్టడానికి ఏమీ ఉండదు. ఇక్కడే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది జరుగుతుంది. ఐదో పిల్లవాడికి ఇప్పుడు పాత్ర లేదు, కానీ మొదటి విడతలో మిగిలిన పిక్కలు అతని దగ్గరే ఉన్నాయి. ఏమీ తోచక కూర్చున్నవాడు, 'నేనిస్తాలే, వచ్చే ఏడు నాలుగివ్వు' అంటాడు. వడ్డీ వ్యాపారి పాత్రను నేనెక్కడా రాయలేదు. చాలాసార్లు అతను తనంత తానే పుట్టుకొస్తాడు.

తెలంగాణలో పనిచేస్తున్నవారికి ఈ నియమాలు సరిపోవు. అక్కడ జాగీరు, దేశ్‌ముఖ్ వ్యవస్థ, వెట్టి ఉన్నాయి. వెట్టి అంటే ఆట భాషలో రైతు తన వంతు వదులుకుని దొర వంతు ఆడటం. ఆ ఒక్క నియమం పెట్టి రెండు ఏళ్లు ఆడించి చూడండి, 1940ల సాయుధ పోరాట పాఠానికి పునాది పడుతుంది.

ఈ ఆటకు రెండు పీరియడ్లు కావాలి. ఒకటి ఆడటానికి, ఒకటి చర్చకు. ఒక్కటే దొరికితే విడత తగ్గించండి, చర్చను తగ్గించవద్దు. చర్చలో నేను చివరగా అడిగే ప్రశ్న ఒకటే: ఈ ఆటలో లేనివాళ్లు ఎవరు? మొదట నిశ్శబ్దంగా ఉంటారు. తర్వాత ఒక్కొక్కటే వస్తుంది. రైతులందరికీ ఒకే పంట ఎందుకు, మెట్టవాడికీ మాగాణివాడికీ ఒకటేనా? ఆడవాళ్లు లేరు. పశువులు లేవు. ఒకసారి కిటికీ పక్కన కూర్చున్న అబ్బాయి, వాళ్ల నాన్న కోతలకు పక్క జిల్లా పోయాడట, 'పొలం లేనోళ్లు ఎక్కడున్నారు సార్?' అన్నాడు. ఆ తర్వాతి వారం అతని జట్టే ఆరో మనిషిని చేర్చి నియమాలు రాసుకొచ్చింది. ఆ ఆరో మనిషికి పంటలో వాటా లేదు, మంచి ఏడాదిలో 3 పిక్కలు, మామూలు ఏడాదిలో 2, కరువులో ఊరు వదిలిపోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న ఏదైనా అట్ట ఆటను ఒకసారి ఆడండి. అందులో గెలుపు దేనికి వస్తుంది, ఆ నియమం సమాజం గురించి ఏం చెబుతోంది అన్నది ఒక పేజీలో రాయండి. ఒక్క నియమం మార్చి మళ్లీ ఆడి, ఏం జరిగిందో రాయండి.

2. మీరు బోధించే తరగతి పాఠ్యపుస్తకంలో ఒక పాఠాన్ని ఎంచుకుని, దానికి తగిన అనుకరణ క్రీడను రూపొందించండి. పాఠ్య పథకంలో ఆట అనంతర చర్చకు వేసే ప్రశ్నలను ఆట నియమాల కంటే ముందుగా రాయండి.